మెర్లిన్ ఆటపెట్టె: ఆరు ఆటలు, ఒక గణిత సమస్య

చిక్కుప్రశ్నలను విప్పుటయందు మానవునకు గల మక్కువ ఈనాటిది కాదు. మన పల్లెలలో అరుగు బండలపై చెక్కిన పులిజూదపు గీతలే ఇందుకు సాక్ష్యము. ఆ ఆటకు కావలసినవి కొన్ని గీతలు, పిడికెడు గులకరాళ్లు, ఎదుట కూర్చుండుటకు మరియొక మనిషి. ఇరువదవ శతాబ్ది చివరి పాదమున ఆ ఎదుటి మనిషి స్థానమును ఒక చిన్న యంత్రము ఆక్రమింపజొచ్చినది. 1978 లో అమెరికా దేశమున వెలువడిన ‘మెర్లిన్’ అను ఆటపెట్టె అట్టి యంత్రములలో పేరెన్నిక గన్నది. బ్రిటను దేశపు పురాణగాథలలో ఆర్థరు రాజు కొలువున నుండిన మాంత్రికుని పేరే దీనికి పెట్టిరి. ఇందు ఆరు ఆటలు గలవు. వానిలో ఒకటి పిల్లలను మాత్రమే గాక గణితశాస్త్రజ్ఞులను కూడ ఆలోచనలో పడవేసినది. ఈ పెట్టె ఎట్లు పుట్టినదో, ఆ ఒక్క ఆటలో దాగిన గణిత సమస్య యెట్టిదో ఈ వ్యాసమున తెలిసికొందము.

గణన యంత్రము నుండి ఆటవస్తువు వరకు

1958 లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను సంస్థలో పనిచేయుచుండిన జాక్ కిల్బీ, ఒక విద్యుద్వలయమునకు వలసిన భాగముల నన్నింటిని ఒకే అర్ధవాహకపు ముక్కపై నిర్మింపవచ్చునని చేసి చూపెను. ఈ ముక్కలకే చిప్పులని వాడుక పేరు. అటుపిమ్మట ఏటేట ఒక్కొక్క ముక్కపై ఇముడు ట్రాన్సిస్టర్ల సంఖ్య పెరుగుచు వచ్చినది. 1971 లో అదే సంస్థకు చెందిన గేరీ బూన్, మైకేల్ కాక్రన్ అను ఇంజనీర్లు గణన యంత్రమునకు కావలసిన పనులన్నియు ఒక్క చిప్పే చేయునట్లు రూపొందించిరి. 1974 లో ఈ వంశమునకు చెందిన టి.ఎమ్.ఎస్. 1000 అను చిప్పు అంగడికి వచ్చినది. లెక్కలు చేయు భాగము, ఆజ్ఞలను దాచు భాగము, తాత్కాలిక విషయములను గుర్తుంచుకొను భాగము, మీటల నుండి వార్తలు గ్రహించి దీపములకు పంపు భాగము, ఇవన్నియు దానియందే ఉండెను. అనగా ఒక చిన్న కంప్యూటరు మొత్తము ఒకే ముక్కపై అమరినదన్నమాట.

ఇట్టి చిప్పును మొదట కూడికలు, గుణకారములు చేయు జేబు యంత్రముల కొరకే తలపెట్టిరి. కాని దాని స్వభావమును గమనింపుడు. అందు చెక్కిన ఆజ్ఞలు మార్చినచో అదే చిప్పు వేరొక పని చేయును. లక్షల కొలది తయారగుచుండుట వలన దాని వెల కూడ దిగినది. ఆటవస్తువులు చేయువారి చూపు దీనిపై పడుట సహజమే. 1976 లో మాటెల్ సంస్థ ఎర్రని చిన్న దీపముల కదలికతో ఆడు కారు పందెపు ఆటను విడుదల చేసినది. అందు ఒక్క ఆటయే కలదు. 1978 లో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ నాలుగు రంగుల పలకలతో ‘సైమన్’ అను ఆటను వెలువరించినది. యంత్రము వినిపించిన స్వరముల వరుసను ఆడువాడు తిరిగి నొక్కుట అందలి ప్రధాన విషయము.

మసాచుసెట్స్ రాష్ట్రమున సేలం పట్టణములో 1883 లో జార్జి పార్కరు స్థాపించిన పార్కర్ బ్రదర్స్ సంస్థ కాగితపు అట్టలపై ఆడు ఆటలకు ప్రసిద్ధి. 1935 నుండి ‘మొనాపలీ’ ఆటను ప్రచురించినది ఈ సంస్థయే. ఎలక్ట్రానిక్ ఆటల రంగమున దీనికి తోడుపడినవారు ఒకే కుటుంబమునకు చెందిన ముగ్గురు: బాబ్ డాయిల్, ఆయన భార్య హాలీ, ఆమె సోదరుడు వెండెల్ థామిస్. డాయిల్ హార్వర్డు విశ్వవిద్యాలయమున ఖగోళ భౌతికశాస్త్రము నభ్యసించినవాడు. హాలీయు ఖగోళ శాస్త్రజ్ఞురాలే. 1977 లో సముద్రమున దాగిన జలాంతర్గామిని వెదకు ఆటను వీరు రూపొందించిరి. మరుసటి సంవత్సరమే మెర్లిన్ వచ్చినది.

పెట్టె నిర్మాణము

మెర్లిన్ ఎర్రని రంగు గల ప్లాస్టిక్ పెట్టె. ఆకారమున అది ఆనాటి టెలిఫోను చేతిపిడిని తలపించును. దాని ముఖముపై 11 మీటలు గలవు. ప్రతి మీటయందును ఒక ఎర్రని దీపము అమర్చబడినది. ఈ దీపములు తీగ వేడెక్కి వెలుగు బల్బులు కావు, విద్యుత్తు ప్రవహించినపుడు కాంతిని వెలువరించు డయోడులు. ఇవి తక్కువ విద్యుత్తుతో వెలుగును, త్వరగా చెడవు. 11 మీటలలో తొమ్మిది, మూడు వరుసల చదరముగా నుండును. మిగిలిన రెండింటిలో ఒకటి చదరమునకు పైన, రెండవది క్రింద గలవు. ఇవి గాక క్రొత్త ఆట, అదే ఆట మరల, యంత్రము వంతు మొదలగు ఆజ్ఞల నిచ్చుటకు వేరుగా నాలుగు మీటలున్నవి. శబ్దము కొరకు లోపల చిన్న స్పీకరు గలదు.

దీని మెదడు టి.ఎమ్.ఎస్. 1100 అను చిప్పు. దానియందు ఆజ్ఞలను దాచుటకు గల చోటు 2,048 బైట్లు మాత్రమే. ఇది ఎంత స్వల్పమో ఒక పోలికతో చెప్పవచ్చును. నేటి కంప్యూటర్లలో సాధారణముగా వాడు పద్ధతిలో తెలుగు లిపికి చెందిన ఒక్కొక్క సంకేతము మూడు బైట్ల చోటు తీసికొనును. కావున 2,048 బైట్లలో 682 సంకేతములకు మించి పట్టవు. ఒత్తులకు, గుణింతములకు వేరువేరుగా సంకేతములుండును గనుక ఈ పత్రిక పుట ఒక్కటి కూడ అందు ఇమడదు. అంత చోటులోనే ఆరు ఆటల నియమములు, స్వరములు, యంత్రము ఎత్తుగడలు అన్నియు ఇమిడ్చిరి. ఆడునపుడు తాత్కాలికముగా గుర్తుంచుకొనుటకు గల స్థలము మరియు తక్కువ: నాలుగేసి బిట్ల గదులు 128.

మరియొక కష్టము గలదు. ఈ చిప్పులలో ఆజ్ఞలను తయారీ సమయముననే శాశ్వతముగా ముద్రింతురు. వ్రాసినదానిలో పొరపాటు దొర్లినచో, అచ్చయి పంచబడిన పుస్తకము వలెనే, దిద్దుటకు వీలుండదు. అట్టి చిప్పులు వేల కొలది పెట్టెలలో చేరి పిల్లల చేతులకు వెళ్లిపోవును. కావున ఆజ్ఞలు వ్రాయువారు ఒక్కొక్క బైటును ఆచితూచి వాడవలసియుండెను. ఒక ఆట కొరకు వ్రాసిన భాగమునే మరియొక ఆటకును ఉపయోగించుట ఇట్టి చోట తప్పనిసరి పొదుపు.

ఆరు ఆటలు

మొదటిది మూడు గడుల ఆట. తొమ్మిది గడులలో ఒకే వరుసన మూడింటిని ముందుగా పట్టినవారిదే గెలుపు. ఒకరి గడులలో దీపము నిలుకడగను, ఒకరి గడులలో మినుకుమినుకుమనుచును వెలుగును. ఇరువురును తప్పు చేయక ఆడినచో ఈ ఆట సరిసమానముగనే ముగియునని విద్యార్థులు స్వయముగా పరీక్షించి తెలిసికొనవచ్చును.

రెండవది సంగీత యంత్రము. ఒక్కొక్క మీట ఒక్కొక్క స్వరము పలుకును. నొక్కిన వరుసను యంత్రము గుర్తుంచుకొని తిరిగి వినిపించును. మూడవది ప్రతిధ్వని. యంత్రము కొన్ని స్వరములు వినిపింపగా ఆడువాడు వానిని తప్పక తిరిగి పలికింపవలెను. నాలుగవది పేకాటలోని ఇరువదియొకటి ఆటకు తమ్ముని వంటిది. మొత్తము 13 కు మించకుండ దానికి వీలైనంత దగ్గరగా చేరుట ఇందలి లక్ష్యము. ఆరవ ఆటలో యంత్రము ఒక రహస్య సంఖ్యను తలచుకొనును. ఆడువాడు ఊహించి చెప్పగా, సరియైన చోట పడిన అంకెలెన్ని, అంకె సరియైనను చోటు తప్పినవెన్ని అని దీపములతో తెలుపును.

ఈ ఆరవ ఆట 1970 దశాబ్దిలో ప్రసిద్ధి కెక్కిన ‘మాస్టర్‌మైండ్’ అను ఆటకు చుట్టము. ఆరు రంగులు, నాలుగు స్థానములు గల ఆ ఆటలో సాధ్యమగు రహస్యములు 1,296. ఎట్టి రహస్యమునైనను ఐదు ప్రయత్నములలోపలనే కనుగొనవచ్చునని డొనాల్డ్ నూత్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు 1977 లో నిరూపించెను. గ్రుడ్డి ఊహకును, ప్రతి జవాబు నుండి ఎక్కువ సమాచారమును రాబట్టు ప్రశ్నకును గల భేదము ఇందు తేటతెల్లమగుచున్నది.

ఇక మనము విడిచిపెట్టిన ఐదవ ఆటయే ఈ వ్యాసమునకు ఆయువుపట్టు. దాని పేరు మాయాచదరము. ఎటు కూడినను ఒకే మొత్తము వచ్చు అంకెల మాయాచతురస్రములు మన పూర్వులకును తెలిసినవే. 14వ శతాబ్దిలో నారాయణ పండితుడు తన ‘గణితకౌముది’లో వానిని విపులముగా చర్చించెను. ఈ ఆటకు వానితో పేరు తప్ప వేరు సంబంధము లేదు.

మాయాచదరము

తొమ్మిది మీటలకు ఈ విధముగా సంఖ్యలు వేసికొందము.

1 2 3
4 5 6
7 8 9

ఆట ఆరంభమున కొన్ని దీపములు వెలుగుచు, కొన్ని ఆరియుండును. మూలనున్న మీటను నొక్కినచో ఆ మూలన గల నాలుగు గడుల దీపములు తారుమారగును. అనగా వెలుగుచున్నవి ఆరును, ఆరియున్నవి వెలుగును. ఉదాహరణకు 1 నొక్కగా 1, 2, 4, 5 మారును. అంచు నడుమ గల మీటను నొక్కిన ఆ అంచునందలి మూడు దీపములు మారును. 2 నొక్కగా 1, 2, 3 మారునన్నమాట. నట్టనడిమి 5 నొక్కగా 2, 4, 5, 6, 8 మారును. చుట్టును గల ఎనిమిది దీపములు వెలుగుచు, నడిమి దీపము మాత్రము ఆరియుండునట్లు చేయుట లక్ష్యము.

తెలియనివాడు ఆడినచో ఒకచోట సరిచేసినది మరియొకచోట చెడుచుండును. కొంతసేపటికి, ‘అసలు ఇది సాధ్యమా? యంత్రము మనల నూరక త్రిప్పుచున్నదా?’ అను సందేహము కలుగును. ఈ సందేహము చిన్నది కాదు. కష్టమైన పనికిని, అసాధ్యమైన పనికిని బయటి నుండి చూచినపుడు భేదము కనబడదు. రెండింటియందును ప్రయత్నము విఫలమగుచునే యుండును. కష్టమైనదైనచో ఓపిక పట్టుట మేలు, అసాధ్యమైనదైనచో ఓపిక వృథా. ఏది యేదో తేల్చగలది ఒక్క నిరూపణమే.

రెండు విషయములు గమనింపుడు. మొదటిది: ఏ మీటనైనను రెండుసార్లు నొక్కినచో నొక్కనట్లే. రెండవది: మీటలను ఏ క్రమమున నొక్కినను ఫలితమొక్కటే. ఏలనన, ఒక దీపము చివరకు మారినదా లేదా అనునది అది సరిసంఖ్యగా మారెనా, బేసిసంఖ్యగా మారెనా అనుదానిపైననే ఆధారపడును. కావున ప్రతి మీటను గూర్చి అడుగవలసిన ప్రశ్న ఒకటే: నొక్కవలెనా, వలదా? తొమ్మిది మీటలకు ఇట్టి నిర్ణయములు మొత్తము 512. తొమ్మిది దీపముల స్థితులును 512. ఒక్కొక్క నిర్ణయము ఒక్కొక్క వేరు మార్పును కలిగించినచో ప్రతి స్థితికిని పరిష్కారముండును, అదియు ఒక్కటే యుండును.

నిజముగ అట్లే కలదా? మూల దీపముల లెక్క తీయుదము. 1వ దీపమును మార్చు మీటలు 1, 2, 4. 3వ దానిని మార్చునవి 2, 3, 6. 7వ దానిని 4, 7, 8. 9వ దానిని 6, 8, 9. ఈ నాలుగు పట్టికలను కలిపినచో 2, 4, 6, 8 రెండేసి మార్లు వచ్చి సరి యగును. 1, 3, 7, 9 ఒక్కొక్క మారే మిగులును. అనగా మారవలసిన మూల దీపముల సంఖ్య సరియైనచో నొక్కవలసిన మూల మీటల సంఖ్యయు సరి, అది బేసియైన ఇదియు బేసి. నడిమి దీపమును మార్చునవి నాలుగు మూల మీటలును, 5వ మీటయు. ఈ రెండు విషయములను జోడింపగా ఒక చక్కని సూత్రము దొరకును: నాలుగు మూలలు, నడిమి గడి, ఈ ఐదింటిలో మారవలసిన దీపములు బేసిసంఖ్యలో నున్నచో 5వ మీటను నొక్కవలెను. సరిసంఖ్యలో నున్నచో నొక్కరాదు.

రెండు వేరు నిర్ణయములు ఒకే మార్పును కలిగించుననుకొందము. వానిని ఒకదాని పిమ్మట ఒకటి అమలుపరచినచో ఏ దీపమును మారదు. అట్లయిన పై సూత్రమును బట్టి అందు 5వ మీట యుండదు. 5 తొలగిన పిమ్మట 1వ దీపపు పట్టికను (1, 2, 4), 2వ దీపపు పట్టికతో (1, 2, 3) పోల్చినచో, 3, 4 మీటలు రెండును నొక్కినవై యుండవలెను, లేదా రెండును నొక్కనివై యుండవలెను. ఇదే తీరున తక్కిన పట్టికలను పోల్చుచు పోయిన చివరకు ఏ మీటయు నొక్కినది కాదని తేలును. కావున రెండు వేరు నిర్ణయములు ఒకే ఫలితము నీయజాలవు. మెర్లిన్ చూపు ప్రతి సమస్యకును పరిష్కారము గలదు. 1987 లో డాన్ పెల్లెటియర్ అను గణితజ్ఞుడు ‘అమెరికన్ మాథమేటికల్ మంత్లీ’ పత్రికలో ఈ ఆటను మాత్రికల సహాయముతో వివరించెను.

ఒక ఉదాహరణము. దీపములన్నియు ఆరియున్నవనుకొందము. మూలలు నాలుగును మారవలెను, నడిమిది మారరాదు. నాలుగు సరిసంఖ్య గనుక 5వ మీట నొక్కరాదు. చుట్టును గల ఎనిమిది మీటలను ఒక్కొక్కసారి నొక్కుడు. ప్రతి మూల దీపము మూడు మార్లు, ప్రతి అంచు దీపము మూడు మార్లు మారి వెలుగును. నడిమిది నాలుగు మార్లు మారి యథాస్థితికి వచ్చును. తరగతిలో తొమ్మిది నాణెములను బొమ్మ, బొరుసులుగా పేర్చి దీనిని చేసి చూపవచ్చును. యంత్రముతో పనిలేదు.

నాలుగింట మూడు అసాధ్యములు

చదరము పెద్దదైనచో ఏమగును? 1995 లో టైగర్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ‘లైట్స్ ఔట్’ అను ఆటను వెలువరించినది. ఇందు ఐదు వరుసలు, ఐదు నిలువులు, మొత్తము 25 మీటలు. ఒక మీటను నొక్కినచో ఆ దీపమును, దానికి పైన, క్రింద, ఇరుప్రక్కల నున్న దీపములును తారుమారగును. దీపముల నన్నింటిని ఆర్పుట లక్ష్యము. దీపముల స్థితులు మొత్తము 3,35,54,432. వీనిలో పరిష్కరింప వీలైనవి 83,88,608 మాత్రమే. అనగా సరిగా నాలుగవ వంతు. తక్కిన మూడు వంతుల స్థితులను ఎంతటి నేర్పరియు ఆర్పజాలడు.

దీనిని తెలిసికొనుటకు హైస్కూలు విద్యార్థికి అందుబాటులోని పరీక్ష గలదు. 1, 2, 4, 5 వరుసలలో 1, 3, 5 నిలువుల గడులను గుర్తింపుడు. అవి మొత్తము పండ్రెండు. 25 మీటలలో దేనిని నొక్కినను, గుర్తించిన ఈ గడులలో మారునవి సరిసంఖ్యలోనే యుండును. మొదటి మూల మీటను నొక్కిన రెండు మారును. నట్టనడిమి మీటకును రెండే. తక్కినవానిని మీరే సరిచూడుడు. కావున ఈ పండ్రెండు గడులలో వెలుగుచున్న దీపముల సంఖ్య మొదట బేసియైనచో ఎన్ని మీటలు నొక్కినను బేసిగనే యుండును. అన్నియు ఆరుటయనగా ఆ సంఖ్య సున్న యగుట, సున్న సరిసంఖ్య. కనుక అట్టి స్థితికి పరిష్కారము లేదు. పటమును ఒక ప్రక్కకు త్రిప్పినచో 1, 3, 5 వరుసలలో 1, 2, 4, 5 నిలువుల గడులు రెండవ పరీక్షకు వచ్చును. రెండు పరీక్షలయందును సరిసంఖ్యలు వచ్చినచో పరిష్కారము తప్పక యుండును. మూలన ఒక్క దీపము మాత్రమే వెలుగుచున్నచో దానిని ఆర్పుట అసాధ్యము. నట్టనడుమ ఒక్క దీపము వెలుగుచున్నచో సాధ్యము. చూపునకు రెండును ఒక్కతీరుననే యున్నవి గదా!

చదరపు కొలతకును, ఈ గుణమునకును గల సంబంధము వింతగొలుపును. ఈ నియమముతోనే ఆడినచో మూడేసి గడుల చదరమున అన్ని స్థితులును పరిష్కరింపదగినవి. నాలుగేసి గడులైన పదునారింట ఒకటి మాత్రమే. ఆరేసి గడులైన మరల అన్నియు సాధ్యములే. అయినను దీపములన్నియు వెలుగుచున్న స్థితికి మాత్రము, చదరమెంత పెద్దదైనను పరిష్కారము తప్పక గలదని క్లాస్ సుట్నర్ అను శాస్త్రజ్ఞుడు 1989 లో నిరూపించెను. 1998 లో ఆండర్సన్, ఫైల్ అను ఇరువురు ఐదేసి గడుల ఆటను మాత్రికలతో విశదీకరించి కళాశాల విద్యార్థులకు అందుబాటులోనికి తెచ్చిరి.

పాత పాఠము, క్రొత్త రూపము

ఇట్టి విషయము లోకమునకు మొదటిసారి తెలిసినది ఎలక్ట్రానిక్ యుగమున కాదు. 1880 ప్రాంతమున పదునైదు పలకలను జరుపు ఆట అమెరికాలోను, ఐరోపాలోను జనులను వెర్రెత్తించినది. 14, 15 పలకలు మాత్రము తారుమారైన అమరికను సరిచేయుటకు అనేకులు నిద్రమాని ప్రయత్నించిరి. కాని పలకల అమరికలలో సగము అసాధ్యములని జాన్సన్, స్టోరీ అను గణితజ్ఞులు 1879 లోనే నిరూపించియుండిరి. వారి నిరూపణమునకు మూలము కూడ సరి, బేసి అను భేదమే.

ఆ భేదము ఆటలతోనే ఆగిపోలేదు. 1950 లో బెల్ ప్రయోగశాలలకు చెందిన రిచర్డ్ హామింగ్, సంకేతములలో దొర్లు తప్పులను కనిపెట్టి దిద్దు పద్ధతిని ప్రకటించెను. పంపదలచిన అంకెలకు మరికొన్ని అంకెలను చేర్చి, నిర్ణీతమైన గుంపులలో ఒకట్ల సంఖ్య ఎల్లప్పుడు సరిగా నుండునట్లు చేయుట అందలి కీలకము. అందిన సంకేతమున ఆ సంఖ్య బేసియైనచో దారిలో తప్పు జరిగెనని తెలియును. పండ్రెండు గడుల దీపములను లెక్కించి పరిష్కారము లేదని చెప్పిన మన పరీక్షకును, దీనికిని గణితమున భేదము లేదు.

మెర్లిన్ పెట్టెలు ఏబది లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. 1982 లో తొమ్మిది ఆటలతో దాని తరువాతి రూపమును విడుదల చేసిరి. పార్కర్ బ్రదర్స్ 1991 లో హాస్బ్రో సంస్థ వశమైనది. ఆ పెట్టె లేకున్నను అందలి ప్రశ్న మన తరగతులలో నిలుపదగినది. లెక్క రాని విద్యార్థితో ‘ఇంకను ప్రయత్నింపుము’ అనుట ఉపాధ్యాయునకు అలవాటు. దానితోపాటు ‘దీనికి అసలు జవాబున్నదా? లేదని ఎట్లు చూపగలవు?’ అని కూడ అప్పుడప్పుడు అడుగుట మంచిది. జవాబు లేదని నిరూపించుటయు ఒక జవాబే యని గ్రహించిన విద్యార్థికి, ఓటమికిని, అసాధ్యమునకును గల తేడా తెలియును. నల్లబల్లపై ఇరువదియైదు గడులు గీచి, మూలన ఒక్క గడిని సుద్దతో నింపి, దీనిని ఆర్పుడని పిల్లలకు చెప్పుడు. పావుగంట గడచిన పిమ్మట ఆ పండ్రెండు గడులను చూపుడు.